చిన్నాయన మీద నా ఫిర్యాదులు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా చిన్నాయన నా కొత్త చెప్పులను దారిన పోయే ఒక పిల్లకు ఇచ్చేశాడు. గద్వాల అంగడిలో మా నాయన కొనిచ్చిన చెప్పులవి, ఇంకా దుమ్ము కూడా అంటనివి. ఎందుకిచ్చావని ఏడిస్తే, నీకు ఏకంగా చెప్పుల దుకాణమే పెట్టిస్తానన్నాడు. ఆ దుకాణం ఇప్పటికీ రాలేదు.

మాది గట్టు అనే ఊరి దగ్గరి పల్లె. రాళ్ల నేల. వానలకు ముందు చేనులో రాళ్లు ఏరి గట్ల మీద వేయడం ఇంటిల్లిపాదీ చేసే పని. ఆ ఎండాకాలం చిన్నాయన ఒక్కడే దాని మీద పడ్డాడు. కోడి కూయకముందే నన్ను లేపి తట్ట చేతికిచ్చేవాడు. మా చేను అయిపోయాక, అడగకపోయినా పక్కవాళ్ల చేనులో కూడా ఏరాడు. నోరు ఆగేది కాదు. బావి తవ్విస్తానని మొదలుపెట్టి, ఆ మాట ముగియకముందే పెట్టబోయే మామిడితోటలోకి పోయి, అక్కడినుంచి కొనబోయే లారీ ఎక్కేవాడు. నా చేతిలోంచి తట్ట జారితే, ఎన్నడూ గొంతు పెంచని మనిషి అందరి ముందు నన్ను పనికిమాలినదానా అన్నాడు. మా ఊళ్లో పని చేసేవాడిలో ఎవరూ తప్పు వెతకరు. "కొడుకంటే గట్లుండాలె" అని ఊరంతా మెచ్చుకుంది. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

తీరా వానలు పడేసరికి ఆ మనిషే మంచం పట్టాడు. జ్వరం లేదు, దెబ్బ లేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నేను అన్నం తీసుకుపోతే కన్నెత్తి చూడలేదు. గిన్నె అక్కడే పెట్టి, ఇది కూడా గుర్తుంచుకుంటానని చెప్పి వచ్చాను.

విత్తే కాలంలో పడుకున్నాడని మా నాయనకు మండిపోయింది. "పోయినేడు గూడ గిట్లనే పండుకున్నడు. ఇగ వేరు పెడత. వాని చేను వాడు చేసుకుంటే తింటడు, లేకుంటే లేదు" అన్నాడు. పెళ్లి కాలేదు, లేచి ముఖం కడుక్కునే ఓపిక లేదు, అలాంటి మనిషిని వేరు పెడితే ఏమవుతాడో మాకందరికీ తెలుసు. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఒకటే మాట అంది. "ముందుగాల దవాఖానకు పోదాం. తర్వాత నీ ఇష్టం." నన్నూ బయలుదేరమంది.

"దీన్నెందుకే?" అన్నాడు నాయన.

"ఇది ఏదీ మర్చిపోదు. రానీ."

అవ్వ నన్ను వెక్కిరించిందనుకుని ఆమె మీద కూడా దారంతా అలిగాను.

గద్వాల దవాఖానలో చిన్నాయన నోరు విప్పలేదు. తినడు, లేవడు, పనంటే బద్ధకమని నాయనే చెప్పాడు. డాక్టరు అంతా విని, "మరి ఇట్లా పడుకోనప్పుడు ఎట్లుంటడు?" అని అడిగాడు.

"అప్పుడు మస్తుగుంటడు సారు. ముగ్గురి పని ఒక్కడే చేస్తడు. ఏ రోగముండదు."

నాకు ఒళ్లు మండింది. "మస్తుగేం ఉండడు" అన్నాను.

నాయన కళ్లెర్రజేశాడు. అవ్వ నా వీపు మీద చెయ్యి వేసి, "చెప్పు బిడ్డ. నీ తగాదా అంత మొదటికెల్లి చెప్పు" అంది.

చెప్పాను. చెప్పులు, దుకాణం, లారీ, తిట్టు, పక్కవాళ్ల చేనులో రాళ్లు. "తను పండుకోడు, నన్ను పండుకోనియ్యడు సారు. అయినా అలసిపోడు" అన్నాను. డాక్టరు నిద్ర గురించి, మాటల జోరు గురించి, కోపం గురించి తిరిగి తిరిగి అడిగాడు. దేనికైనా నా దగ్గర ఫిర్యాదు సిద్ధంగా ఉంది. కిందటి ఏడాదివి కూడా ఉన్నాయి. నా బాధలు అంత శ్రద్ధగా విన్న మనిషి అంతకుముందు లేడు, తర్వాతా లేడు.

చివరికి ఆయన నాయనతో, మీరు సగం జబ్బే చెప్పారు, మీరు మెచ్చుకున్న రోజులు మిగతా సగం అన్నాడు. ఆ పొంగు, ఈ కుంగు ఒకే జబ్బట. బద్ధకం కాదట. ఇప్పుడు దాన్ని బైపోలార్ అంటున్నారు. మనసు జబ్బులు చూసే డాక్టరు ఉన్న పెద్ద దవాఖానకు పొమ్మని పంపాడు. నాయన వేరు పెట్టే మాట మళ్లీ ఎత్తలేదు.

బస్సులో చిన్నాయన అన్ని రోజుల తర్వాత మొదటిసారి నావైపు తిరిగాడు. "ఒక్కటి గూడ ఇడిచిపెట్టలేదు గదనే" అన్నాడు. పెదవి ఒక పక్కకు కదిలింది.

"ఇంకా ఉన్నయి" అన్నాను.

అవ్వ నవ్వి, "అన్నీ యాదికుంచుకో బిడ్డ, మంచిదే. గాని అవి నిన్ను అనాలని అన్నయి గావు" అంది.

మందులు కుదరడానికి చాలా కాలం పట్టింది. బాగయ్యిందని మధ్యలో మానేస్తే మళ్లీ వచ్చింది. కాకపోతే ఈసారి నిద్ర తగ్గుతున్నప్పుడే మేం పట్టుకున్నాం. తర్వాత చిన్నాయన పెళ్లి చేసుకున్నాడు, పిల్లలను పెంచాడు, మా అందరికంటే నిదానంగా బతికాడు.

మొన్నమొన్న నాగర్‌కర్నూల్‌లో ఉండే మా చెల్లెలి మనవడు ఫోన్ చేసి, ఊపిరి తీసుకోకుండా మూడు వ్యాపారాల గురించి చెప్పి, నేను అడ్డు తగిలితే ముసలి చాదస్తం అన్నాడు. సరిగ్గా పడుకుంటున్నావా అని అడిగాను. ఆ అవసరమే లేదన్నాడు. వెంటనే వాళ్ల అమ్మకు చెప్పాను, డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఇప్పుడు కుదుటపడుతున్నాడు.

ఎవరేమన్నా నేను మరిచిపోయేదాన్ని కాదు. ఆ గుణం నాతోనే పోతుంది. కాకపోతే అలిగే ముందు ఆ మనిషికి నిద్ర పడుతోందా, తిండి సహిస్తోందా అని కనుక్కుంటాను. బాగా తిని, బాగా పడుకునే మనిషే నన్ను ఆ మాట అన్నాడని తేలితే, అప్పుడు తీరిగ్గా అలుగుతాను.