దేముడుబాబు నాదస్వరం

దేముడుబాబు విజయనగరం నుంచి వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డ మనిషి. పగలు గుమస్తా పని, పెళ్లిళ్ల రోజుల్లో ఆర్కెస్ట్రా. తన పాత డిజిటల్ కీబోర్డులో ముప్ఫై రెండు శబ్దాలు తనే తయారుచేసి దాచుకున్నాడు. వాటిలో ఏడో నంబరు నాదస్వరం. దానికే రెండేళ్లు పట్టింది. ఎవరో పక్కన కూర్చుని ఊపిరి తీసి ఊదుతున్నట్టే ఉండేది.

ఆయన పోయాక, ఆ ఏడో నంబరు ఒక్కటైనా తన చేత్తో మోగించుకోవాలనిపించింది భార్య అప్పలలక్ష్మికి. చదివింది ఐదో తరగతి. వీధిలో పిల్లలంతా అమీర్‌పేట పోయి కంప్యూటర్లు నేర్చుకుంటున్న రోజులవి. ఈవిడకి నేర్పడానికి రాజేందర్ వచ్చాడు. ఆర్కెస్ట్రాలో పదిహేనేళ్లు దేముడుబాబు పక్కన రెండో కీబోర్డు వాయించినవాడు.

"ఇంగ్లీషుకు పరేషాన్ గాకు వదినా. తెర మీద అదేమడిగినా ఎస్ అన్న బటన్ కొట్టు, అంతే."

దసరాకి ఆయుధపూజ. కీబోర్డుకి పసుపు రాసి బొట్లు పెట్టింది. రాజేందర్ అగ్గిపెట్టెలంత మెమరీ కార్డులు రెండు తెచ్చాడు. "వీటికి సుత పూజ చెయ్యాలె. ఒక్కోటి మిషన్ల పెట్టి నీ చేత్తోనే షురూ చెయ్."

పెట్టింది. ఎస్ కొట్టింది. రెండోది పెట్టి మళ్లీ కొట్టింది. కొబ్బరికాయ చక్కగా పగిలింది.

మర్నాడు ఏడో నంబరు నొక్కితే ఏవో గంటలు మోగాయి.

"లోపల బ్యాటరీ పోయినట్టుంది. అది పోతే అన్నీ పోతయ్ వదినా," అని తల పట్టుకున్నాడు రాజేందర్.

నమ్మింది. నమ్మి, ఆ నాదస్వరాన్ని మళ్లీ తనే తయారుచెయ్యడానికి కూర్చుంది. వంట అయ్యాక తెర మీద ఒక అంకె పెంచడం, వినడం, తగ్గించడం, పాత క్యాలెండర్ వెనక రాసుకోవడం. ఏడాది గడిచింది. రాజేందర్ వచ్చి, "జెర దగ్గరకొచ్చింది," అని టీ తాగి వెళ్లేవాడు.

ఆ మాఘంలో పక్కింటి దేవిక పెళ్లి, ఏ.ఎస్. రావు నగర్‌లో ఫంక్షన్ హాలు. సాఫ్ట్‌వేర్ పెళ్లికొడుకు. అప్పలలక్ష్మి వెనక వరసలో కూర్చుంది. తాళి కట్టే వేళకి ఆర్కెస్ట్రాలోంచి నాదస్వరం లేచింది. ఆవిడ గుప్పిట్లో అక్షింతలు అలాగే ఉండిపోయాయి. ఏడో నంబరు! స్టేజీ మీద కీబోర్డు ముందు రాజేందర్.

బ్యాటరీ పోతే తెర మీద పేర్లన్నీ చెదిరిపోతాయి. తన మిషన్‌లో మాత్రం కొన్నప్పుడు వచ్చే కంపెనీ శబ్దాలు వరస తప్పకుండా కూర్చున్నాయి. ఏడాది కష్టపడ్డ మనిషికి ఆపాటి తెలీదా? మొదటి ఎస్‌తో ఆయనవి ఒక కార్డులోకి పోయాయి. రెండో ఎస్‌తో కంపెనీవి వచ్చి వాటిని తుడిచేశాయి.

జనం భోజనాలకి లేచాక స్టేజీ దగ్గరికి వెళ్లింది.

"బ్యాటరీ పోయిందన్నావు, బాబూ."

రాజేందర్ మైకు పక్కకి తిప్పాడు. "పదిహేనేండ్లు అన్న పక్కన కూసున్న వదినా. నాకు హక్కు లేదా? ఇంట్ల కూసొని నువ్వేం జేస్తవ్ దాంతోని?"

"అడిగితే ఇచ్చీదాన్ని కానా? తీసుకున్నోడివి తీసుకున్నావు. నా చేత్తోనే చెరిపించీసేవేటి?"

"మంది చూస్తున్నరు. రేపు ఇంటికొస్త."

"మరి రాకు."

బయటికి వచ్చి చెప్పులు వేసుకుంది. అడగకుండానే ఆటో వచ్చి ఆగింది. లోపల ఎవరో అడిగినట్టున్నారు, నాదస్వరం మళ్లీ మొదలైంది. ఇప్పుడది వాడి చేతి కింద తప్ప ఇంకెక్కడా లేదు. ఆటోని పొమ్మని, అయిపోయేదాకా ఆ గోడకి ఆనుకుని నిలబడి వింది.