ఆగి మళ్లీ లేచే ఉపగ్రహం

సంగీత పుట్టి పెరిగింది సూరత్‌లోని ఉధ్నాలో, సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య. తండ్రి రాజలింగం సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి ఆ సాంచాల మీదే బట్ట నేస్తాడు. ఆమె ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఒక కాలేజీ తయారుచేస్తున్న చిన్న ఉపగ్రహానికి సాఫ్ట్‌వేర్ రాసే పనిలో చేరింది. చెప్పుల డబ్బాలో పట్టేంత ఉపగ్రహం అది.

కరోనా వచ్చి ల్యాబ్ మూతపడింది. ఉపగ్రహంలో ఉండేలాంటి సర్క్యూట్ బోర్డు ఒకటి సంచిలో పెట్టుకుని సంగీత సూరత్‌లోని ఇంటికొచ్చేసింది. తలా ఒక ఊళ్లో కూర్చుని రాసిన ప్రోగ్రాములన్నీ కలిపి, ఎక్కువ కాలం ఆపకుండా నడిపి చూసే వీలు ఎవరికీ దొరకలేదు. ప్రయోగం తేదీ మాత్రం ఆగలేదు. 2021 మొదట్లో పైకి వెళ్లిన ఉపగ్రహం కొన్నాళ్లు చక్కగా పలికింది. తర్వాత దానంతటదే ఆగిపోవడం, మళ్లీ లేవడం మొదలైంది.

రెండో వేవ్‌కి కార్ఖానా బంద్ అయి రాజలింగం ఇంట్లోనే ఉన్నాడు.

"ఏంది బిడ్డా, గట్ల కూసున్నవ్?"

"పైన అది ఊకె బంద్ పడుతుంది బాపూ. మళ్ల చాలూ అయితుంది."

"పోయి ఇప్పి చూసేటందుకు లేదాయె."

"అందుకే గీ బోర్డును నడిపిస్తున్న. గిది ఆగితే అదెందుకు ఆగుతుందో తెలుస్తది."

కొన్ని రోజులకు బోర్డూ ఆగింది. కారణం దొరికింది. ఉపగ్రహం వేడిని కొలిచి రాసుకుంటూ పోతోంది, పాతవి చెరపడం లేదు. నిండిపోయిన మెమరీలో మళ్లీ రాయబోయి కుప్పకూలుతోంది.

"సాఫ్ట్‌వేర్ మొత్తం కొత్తది పంపేద్దాం," అన్నాడు జట్టులోని ప్రణీత్ ఫోన్లో.

"ఒక్కో చుట్టులో అది మన నెత్తిమీద ఉండేది కొద్ది నిమిషాలే," అంది సంగీత. " సగం చేరాక అది ఆగిపోతే ఇంక పలకదు. ముందు చిన్న ఆదేశం పంపి, ఆ వేడి కొలతలు రాసుకోవడం ఒక్కటే ఆపుదాం."

కానీ ఉపగ్రహాన్ని పంపిందే ఆ కొలతల కోసం. అవి ప్రొఫెసర్ ఉషాదేవి ఏళ్ల పరిశోధన. ఆమె అప్పుడే కోవిడ్ నుంచి తేరుకుంటోంది. సంగీతే ఫోన్ చేసి చెప్పింది.

"సరే, ఆపు," అంది ఉషాదేవి చివరికి, నీరసంగా. "ముందు బతకనీ దాన్ని."

మర్నాడు పొద్దున కాలేజీ మీది యాంటెన్నా నుంచి ఆదేశం పంపారు. జవాబు రాలేదు. సంగీత అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. తర్వాతి చుట్టులో మళ్లీ పంపితే అందినట్టు సంకేతం వచ్చింది. మరుసటి రోజు చూస్తే నడుమ ఒక్కసారీ ఆగలేదు.

"ఉన్నదా?" అన్నాడు రాజలింగం గడప దగ్గర నిలబడి.

"ఉన్నది బాపూ." అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకు.

ఆ తర్వాత సరిచేసిన ప్రోగ్రామును ముక్కలు ముక్కలుగా, ప్రతి ముక్కా సరిగ్గా చేరిందో లేదో చూసుకుంటూ పంపారు. వానాకాలం గడిచేసరికి కొలతలు మళ్లీ రావడం మొదలైంది. కొన్ని నెలల కొలతలు పోయాయి, అవి ఇక రావు.

రెండో ఉపగ్రహానికి సాఫ్ట్‌వేర్ బాధ్యత సంగీతకే ఇచ్చారు. అన్నీ కలిపి నెల రోజులు ఆపకుండా నడిపాకే పైకి పంపాలని ఆమె పట్టుబట్టింది. అందుకోసం ప్రయోగం వెనక్కి జరపాల్సి వచ్చింది. ఉషాదేవే వెళ్లి కాలేజీ పెద్దల్ని ఒప్పించింది.