గౌరి నెత్తురు తీసిన శుక్రవారం

నా చిన్నప్పుడు, ఆవుల నెత్తురు తీసి పరీక్షకి పంపుతారన్న కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పక్కింటి పిన్ని. పేడచేతులతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "అత్తా, రోగమున్న ఆవు దొరికితే పేరు రాసుకుంటారట. మీ గౌరి సంగతి సూసుకో" అని మా మామ్మతో చెప్పి వెళ్లిపోయింది.

గౌరి మా పాడిఆవు. నెల కిందట, ఏడో నెలలోనే చచ్చిన దూడని ఈనింది. మా నాన్నగారి అమ్మ, మా మామ్మ, ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. సోమవారం సోమవారం గౌరి పాలు శ్రీముఖలింగంలో స్వామి అభిషేకానికి వెళ్లేవి. రోగపు పాలు దేవుడికి పోశారని నలుగురూ అంటే తల ఎత్తుకోలేమని ఆవిడ భయం.

అప్పుడు మా అక్క తొలికాన్పుకి వచ్చి ఉంది. పొదుగు దగ్గర పిండిన పాలు కాచకుండా తాగితే బిడ్డకి బలమని, పొద్దున్నే మామ్మే గ్లాసు నింపి ఇచ్చేది. ప్రేమతోనే ఇచ్చేది.

పశువుల కాంపౌండరు గారు శుక్రవారం నాడు సైకిలు మీద వచ్చారు. ఆయన వచ్చేసరికే మామ్మ చెప్పినట్టు గౌరిని జీడితోటలో కట్టేసి వచ్చాను. శాలలో ఇంకా ఎదకి రాని పెయ్య ఒక్కటే ఉంది.

"మాకిదొక్కటే ఉన్నాది బాబూ. శుక్రవారం పూట లక్ష్మి నెత్తురు తియ్యడమేటి, ఇంకోనాడు రండి" అంది మామ్మ, నుదుటి మీద విభూతి ఆరకుండానే.

ఆయన పెయ్య వైపు చూశారు. తరవాత అరుగు మీద కూర్చున్న అక్క వైపు, ఆమె చేతిలో నురగ తగ్గని పాలగ్లాసు వైపు చూశారు. ఆ పాలు పెయ్యవి కావని ఆయనకి తెలిసిపోయింది. మామ్మ చీర కుచ్చెళ్లు పట్టుకుని నిలబడ్డాను.

ఆయన కోప్పడలేదు. మంచినీళ్లడిగి తాగి, అరుగు చివర కూర్చుని, తన ఇంటి సంగతి నెమ్మదిగా చెప్పుకొచ్చారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చచ్చిన దూడని వట్టి చేతులతో లాగారట. దూడని చంపిన రోగమే ఆయనకీ జ్వరమై పట్టుకుందట. వేలి కణుపులు ఇప్పటికీ సలుపుతాయట. "అదే ఆవు పాలు మా ఆవిడకి పచ్చివే తాగించాను తల్లీ. బలమనే తాగించాను. కడుపు నిలవలేదు" అన్నారు.

అక్క గ్లాసు కింద పెట్టేసింది. మామ్మ నా వైపు తిరిగి, "ఎల్లి గౌరిని తోలుకురా" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

గౌరి మెడకి తాడు బిగించి, బొటనవేలితో నరం నొక్కి, సీసాలోకి నెత్తురు తీశారు. అక్కని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఆమె నెత్తురు కూడా చూపించమన్నారు. ఆ పరీక్షల కబురు రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ మామ్మ సరిగా అన్నం తినలేదు. అక్క ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, మామ్మ దేవుడి గూటి ముందు కూలబడిపోయేది. "నా సేత్తోనే పోశాను స్వామీ" అని ఒకటే మాట.

అక్క నెత్తురులో ఏమీ లేదు. గౌరికి రోగముంది. ఆ మాట కాంపౌండరు గారు వీధిలో చెప్పలేదు. లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మామ్మ చెవిన వేశారు. గౌరిని అమ్మొద్దని, మిగతా పశువులతో కలపొద్దని, ఏ ఇంటి పాలైనా పొంగాకే తాగమని చెప్పారు. సాయంత్రం మామ్మే స్వయంగా ఇల్లిల్లూ తిరిగి, తన ఆవు రోగమూ, తాను ఆడిన అబద్ధమూ రెండూ చెప్పి వచ్చింది. మర్నాడు మాలాగే మిగతా ఇళ్లవాళ్లు దాచిన పశువులన్నీ పరీక్షకి వచ్చాయి. స్వామికి పాలు ఇంకో ఇంటి నుంచి వెళ్లాయి.

భయపడి దాచుకున్న మనిషి ఎదురైనప్పుడు నిలదియ్యకుండా పక్కన కూర్చోవడం నాకు ఆ రోజు తెలిసింది. ఇంట్లో పిల్లలు అబద్ధమాడినా, ముందు మంచినీళ్లు తాగి కూర్చుంటాను. అక్క కొడుకు ఇప్పుడు తాతయ్యాడు. కాంపౌండరు దంపతులకి మాత్రం మళ్లీ పిల్లలు కలగలేదు. ఆయన పేరు చెప్పుకునే బిడ్డలు లేరు గనక అడుగుతున్నాను. దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు, తన దుఃఖం మా అరుగు మీద విప్పి మా అక్కని కాపాడిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.