దాహం తెలియని చెట్టు

సూర్యాపేట బస్టాండులో బత్తాయి తొక్క వాసన తగిలితే నాకు నోరూరదు, కోపం వస్తుంది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. మిర్యాలగూడ దగ్గర మాకు బత్తాయి తోట ఉండేది. చలికాలం రాగానే నాయిన తోటకు నీళ్లు బంద్ చేశాడు. బోరులో నీళ్లుండగానే! వారం తిరిగేసరికి ఆకులు ముడుచుకోసాగాయి.

"నాయినా, చెట్లు సచ్చిపోతయ్" అని పూటపూటా ఏడ్చాను.

"నీకు తెల్వదు, పో" అన్నాడు.

ఇంత కసాయి మనిషా అనుకున్నాను. ఇంటి వెనకున్న ఒక బత్తాయి చెట్టుకు రోజూ దొంగతనంగా రెండు బిందెలు పోశాను.

నెల దాటాక నాయిన మళ్లీ నీళ్లు పెట్టాడు. కొన్నాళ్లకు తోటంతా తెల్లగా విరగబూసింది. నా చెట్టుకు మాత్రం ఒక్క పువ్వు లేదు, అన్నీ ఆకులే. నాయిన దాని చుట్టూ తిరిగి, ఆకులు తడిమి చూశాడు.

"దినాం రెండు బిందెలు పోసినవ్ గదా? చెట్టుకు జర దాహమైతేనే పూత వస్తది బిడ్డా."

లెక్కలో ఒక్క చెంబు కూడా తేడా లేదు. ఆకును చూసి నీళ్లెన్నో చెప్పగల ఆ మనిషికి, నెలరోజులు ఎదురుగా ఏడ్చిన పిల్ల ఎందుకేడ్చిందో అంతుపట్టలేదు. ఆ ఒక్క మాట ముందే చెబితే ఆయన సొమ్మేం పోయేది?