నాలుగింటికి లేచే ముల్లు

పోయిన నెల ఒక మంగళవారం సాయంత్రం నాలుగింటికి సోమాజిగూడ ఆసుపత్రిలో మా ఉస్తాద్ పోయారు. నేను మంచం పక్కనే ఉన్నాను. మానిటర్ మీద గీత ఎగుడుదిగుళ్లు లేకుండా తిన్నగా సాగిపోతుంటే, ఎవరినైనా పిలవాల్సింది పోయి, ఆ గాజు మీద గోటితో రెండుసార్లు తట్టాను. నర్సు నావైపు వింతగా చూసింది. ముల్లు ఇరుక్కుందేమో అనుకున్నానని ఆమెకు ఎలా చెప్పను?

అలా తట్టడం ఆయన నేర్పిన అలవాటే. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక, రెండో అంతస్తులో చిన్న గది ఆయనది. గ్లైడర్లలో ఎత్తు చూపే ఆల్టిమీటర్లను అక్కడ బాగుచేసేవారు. గ్లైడర్ అంటే ఇంజిన్ లేని విమానం; ఆల్టిమీటర్ అంటే కరెంటు అక్కర్లేని గడియారం లాంటిది. లోపలి రేకు డబ్బీ గాలి ఒత్తిడికి ఉబ్బుతూ తగ్గుతూ ముల్లును తిప్పుతుంది. ఒక్కోసారి ముల్లు పట్టేస్తుంది కనుక తట్టి చదవాలి. తట్టకుండా చదివితే ఆయన ఊరుకునేవారు కాదు.

"తలుపు కొట్టకుండ ఒకరింట్లకు పోతవా బిడ్డా?" అనేవారు.

డయల్ మూత విప్పే ముందు దుమ్ము పడుతుందని ఫ్యాన్ ఆపేసేవారు. మే నెలలో కూడా. చెమటలు కారుతున్నా మళ్లీ మూత బిగించేదాకా చాయ్ ముట్టేవారు కాదు. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాణ్ని, ఎంత వద్దన్నా "ఉస్తాద్ గారూ" అనే పిలిచేవాణ్ని. ఉస్తాద్‌కు మళ్లీ గారు ఎందుకని నవ్వేవారు.

నేను నడిపే మా క్లబ్ గ్లైడర్‌కు కొత్త స్క్రీన్ పెట్టినప్పుడు ఆయనతో గట్టిగా వాదించాను. వేగం చూపే ముల్లు జోలికి ఎవరూ పోరు. పేచీ అంతా ఆల్టిమీటర్ గురించే. స్క్రీన్ ఎత్తుతోపాటు గాలి వాటం, తిరిగొచ్చే దారి కూడా చూపిస్తుంది. ఇక ఆ పాత డబ్బా ఎందుకన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. మీ తర్వాత దాన్ని బాగుచేసేవాళ్లెవరు అని కూడా అనేశాను. ఆయన మర్నాడు ఎండలో క్లబ్‌కు వచ్చి, తన చేత్తోనే ఆ పాత డబ్బాను స్క్రీన్ పక్కన బిగించి వెళ్లారు.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఒంటరిగా పైకెళ్లాను. బ్యాటరీ చార్జింగ్ పెట్టడం మరిచిపోయింది నేనే. గాల్లో ఉండగా స్క్రీన్ నల్లబడింది. ఎత్తును కంటితో అంచనా వేయడం నాకు నేర్పారు. కానీ ఆ రోజు కింద అంతా ధూళి, నేల ఎక్కడుందో తేలడం లేదు. చేయి దానంతటదే వెళ్లి పాత గాజును తట్టింది. ముల్లు కదిలింది. దాన్ని నమ్ముకుని దిగాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మరుసటి వారం ఆల్టిమీటర్‌ను పరీక్షకు తీసుకెళ్తే ఆయన అడిగారు: "ఎట్లున్నది? అక్కరకు వచ్చిందా?"

"దాంతో పనేం పడలేదండీ," అన్నాను.

"పని పడకుంటె మంచిదే బిడ్డా," అని ఫ్యాన్ ఆపి మూత విప్పారు.

చెబుదామనుకుంటూనే నెలలు గడిపాను. ఓడిపోయానని ఒప్పుకోవడానికి సిగ్గు. అంతే, వేరే కారణమేం లేదు. ఆసుపత్రిలో చెబుదామనుకునే సరికి ఆయనకు స్పృహ లేదు.

పదకొండో రోజు బల్కంపేటలో వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయన భార్య, గోడకు ఆయన తగిలించుకున్న మరో ఆల్టిమీటర్ తీసి నా చేతిలో పెట్టారు. "నీకే ఇయ్యమన్నడు," అన్నారు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆయన దాని ముందు నిలబడేవారట. పొద్దు తిరిగితే గాలి బరువు తగ్గుతుంది, ఎత్తు పెరిగినట్టు ముల్లు కాస్త పైకి జరుగుతుంది. "ఇల్లు సుత జర పైకి లేస్తది," అని ఆయన నాకూ ఎన్నోసార్లు చూపించారు.

ఇప్పుడది పంజాగుట్టలో మా హాల్లో ఉంది. ముల్లు ఎందుకు లేస్తుందో తెలుసు, గాలి ఒత్తిడే. అయినా నాలుగింటికి ఆ గదిలో ఒంటరిగా ఉండలేకపోతున్నాను. నిన్న ధైర్యం చేసి ఎదురుగా నిలబడ్డాను. ముల్లు కదలడం లేదు. ఫ్యాన్ ఆపి, గోటితో రెండుసార్లు తట్టాను.

"పని పడిందండీ, ఉస్తాద్ గారూ," అన్నాను.

ముల్లు ఒక్కసారి వణికి, కొంచెం పైకి జరిగి, అక్కడే ఆగింది.