మూరెడు గోడ

మా పక్కింటి నర్సమ్మ పోయింది. పోయి నెల దాటిందట. మొన్న ఆదివారం ఆమె తమ్ముడి కొడుకు బొంబాయి బండి దిగి నేరుగా మా ఇంటికి వచ్చి చెప్పాడు. ఇజ్రాయెల్‌లో, ఎడారి అంచున ఉన్న ఒక చిన్న ఊళ్ళో, నిద్రలోనే వెళ్ళిపోయిందట. ఎవరినీ కష్టపెట్టకుండా పోవడం ఆమెకు తగినట్టే ఉంది. బతికుండగా ఆమె ఎవరినైనా కష్టపెట్టిందంటే అది సున్నాలు వేసేవాళ్ళనే.

గుంతకల్లు రైల్వే కాలనీలో ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. రైల్వే ఆసుపత్రిలో నర్సు కాబట్టి అందరికీ నర్సమ్మ, నాకు అక్క. డెబ్బైల మొదట్లో నేను కొత్త కోడలిగా ఆ కాలనీకి వచ్చేనాటికే ఆమె భర్త పోయాడు. ఆయన గూడ్సు బండి గార్డు. పిల్లలు లేరు. పుట్టింది కొంకణంలో. ఇంట్లో మరాఠీ, బయట మాత్రం రోగుల దగ్గర నేర్చుకున్న అచ్చమైన అనంతపురం తెలుగు. “నొప్పి యాడ? ఈడనా, ఆడనా?” అని ఆమె గద్దించి అడిగితే కొందరికి నొప్పి ఎక్కడో కూడా గుర్తుండేది కాదు.

యూదులని ఒక జనం ఉన్నారని మాకెవరికీ తెలియదు. శుక్రవారం పొద్దుగూకే వేళ గాజుగ్లాసులో నూనె పోసి దీపం పెట్టేది కాబట్టి మనవాళ్ళేనని కొందరన్నారు. పడమటికి తిరిగి ప్రార్థన చేసేది కాబట్టి సాయిబులన్నారు మరికొందరు. మోషే కథ చెప్పేది కాబట్టి కిరస్తానమేనని ఎదురు వరుసవాళ్ళు తేల్చేశారు. ఆమె ఎవరినీ దిద్దలేదు. శనివారం మాత్రం పొయ్యి వెలిగించేది కాదు. ఆ రోజు డ్యూటీ పడితే, ఆదివారం చర్చికి పోవాల్సిన నర్సుతో మార్చుకునేది. ఇద్దరికీ లాభమే కాబట్టి ఆసుపత్రిలో ఎవరూ కారణం అడగలేదు.

కారణం బయటపెట్టింది మా అత్త.

అత్తది కుందుర్పి పక్క పల్లె. ఏళ్ళ తరబడి వానల్లేక, చెనిక్కాయ, అంటే వేరుశనగ, పంట చేతికి రాక, చివరికి బావి కూడా ఎండిపోతే ఇంటికి తాళం వేసి కొడుకు దగ్గరికి వచ్చేసింది. వచ్చింది గానీ ఊరి మాట ఎత్తేది కాదు. ఎవరైనా ఎత్తితే లేచి లోపలికి పోయేది. రోజంతా ఏదో ఒక పని కల్పించుకునేది. మా ఇంట్లో పని అయిపోతే పక్కింటి పని.

ఆ ఏడు క్వార్టర్సుకు సున్నాలు వేశారు. నర్సమ్మ ఇంట్లో, గుమ్మంలోంచి చూస్తే ఎదురుగా కనబడే గోడ మీద, మూరెడు పొడవు మూరెడు వెడల్పు చదరం ఒకటి సున్నం తగలకుండా ఉండిపోయింది. అంతకు ముందు కూడా ఎప్పుడూ సున్నం పడలేదేమో, మట్టి రంగుకు తిరిగి ఉంది. ఆమె ఇంటి తాళంచెవి మా దగ్గర ఉండేది. అత్త అది చూసి మండిపడింది.

“మొగోడు లేని ఇల్లని ఎట్లబడితే అట్ల పూసి పోయినారు చూడు. దుడ్లు మాత్రం తీసుకుంటారు” అంది.

నర్సమ్మ డ్యూటీలో ఉండగా మా ఇంట్లో మిగిలిన సున్నం తెచ్చి ఆ చదరాన్ని తెల్లగా పూసేసింది. పూసి, వెనక్కి జరిగి చూసి, బోసిగా ఉందనుకుని మధ్యలో పసుపుతో బొట్టు పెట్టింది. తడిసున్నం తగిలి పసుపు ఎర్రబడింది. కుంకుమ కూడా పెట్టినట్టయిందని సంబరపడింది.

నర్సమ్మ వచ్చి, చెప్పులు విడవకుండానే గోడ ముందు నిలబడిపోయింది. తర్వాత నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి గీకడం మొదలుపెట్టింది.

“ఏమ్మా, నేను తెల్లగ చేస్తే నువ్వు గీకేస్తాండావే?” అంది అత్త, మొహం మాడ్చుకుని.

“పెద్దమ్మా, అది వాళ్ళు మరిచిపోయింది కాదు. నేనే ఇడిసిపెట్టమంటిని. మా గుడి పడగొట్టినారు, ఎప్పుడో వేల ఏండ్ల కింద. మావాళ్ళను తరిమేసినారు. అప్పటినుంచి యాడ ఇల్లు కట్టుకున్నా ఇంత జాగా ఉత్తగా ఇడిసిపెట్టల్ల.”

“ఆ గుడి నువ్వు చూసినావా?”

“లేదు.”

“మీ అమ్మ? మీ అవ్వ?”

“ఎవురూ చూడలేదు.”

“చూడని గుడి కోసరం ఇంత బాధేంది?”

“బాధ కాదు పెద్దమ్మా. అది లేకుంటే మేమెవురో మాకే తెలీదు.”

అప్పుడు తమ పెద్దల సంగతి చెప్పింది. పడవ మునిగి, బతికిన కొద్దిమంది కొంకణం ఒడ్డున తేలారట. పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. భాష కూడా పోయి మరాఠీ వచ్చింది. గానుగలు పెట్టుకుని బతికారు. శనివారం మాత్రం గానుగ తిప్పేవాళ్ళు కాదు. “ఎందుకు ఆపుతాండారో కూడా కొందరికి తెలీదంట. ఆపేది మాత్రం మరిచిపోలేదు. అది చూసే, తర్వాత ఎవురో వచ్చి మమ్మల్ని యూదులని గుర్తుపట్టినారు. ఈ గోడ సంగతీ ఆ తర్వాత వచ్చిన గురువులు చెప్పిందే.”

అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. “మాకూ ఊర్లో ఇల్లు ఉండాది” అంది. గుంతకల్లుకు వచ్చాక ఆమె నోట ఊరి మాట రావడం అదే మొదలు. ఆ సాయంత్రం బావి మెట్ల గురించి, గడప చెక్కిన వడ్రంగి గురించి, ఎద్దుల పేర్ల గురించి చెబుతూనే ఉంది. నర్సమ్మ గీకడం ఆపేసి వింది. తర్వాత చూస్తే, చదరం అంతా గీకేసింది గానీ బొట్టు చుట్టూ ఉన్న కాస్త సున్నాన్ని అట్లాగే వదిలేసింది.

మళ్ళీ సున్నాలవాళ్ళు వచ్చినప్పుడు అత్త మా గుమ్మం పక్కన గోడకు చేతులడ్డం పెట్టి నిలబడింది.

“ఈడ ఇడిసేయప్పా.”

“ఎందుకవ్వా?”

“మా ఊరికి.”

ఆ ఇద్దరు ఆడవాళ్ళ మీద ఆ రోజు నాకు కలిగిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు.

నర్సమ్మ తమ్ముళ్ళు ఒక్కొక్కరే ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. నువ్వూ రమ్మని పిలుస్తూనే ఉన్నారు. ఆమె కదల్లేదు. ఆమె భర్తను పూడ్చింది ఇక్కడే, క్రైస్తవుల శ్మశానంలో వాళ్ళు దయతో ఇచ్చిన ఒక మూల. కానీ ఎనభైల్లో రిటైరయ్యాక క్వార్టర్సు ఖాళీ చేయక తప్పదు. ఎక్కడికి పోవాలన్నది అప్పుడు తేల్చుకోవలసి వచ్చింది. మా మెట్ల మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తూ అంది:

“ఇన్నేండ్లు ఆ దిక్కుకు తిరిగి మొక్కితిని. ఆడికి పోతే ఈ దిక్కుకు తిరగల్ల. నా బతుకంతా ఎటో ఒకపక్కకు తిరిగి చూసేదేనేమో.”

“పోమ్మా” అంది అత్త. “పిలిచేవాళ్ళు ఉన్నప్పుడే పోవల్ల. ఈడుండే మీ ఆయన్ను మేము చూసుకుంటాంలే.”

బండి కదిలేటప్పుడు నర్సమ్మ ఏడవలేదు. మేమే ఏడ్చాం. ఆమె కిటికీలోంచి నా బిడ్డకు దగ్గు మందు ఎన్నిసార్లు వేయాలో చెబుతూ వెళ్ళిపోయింది.

అత్త కూడా ఈ మధ్యనే పోయింది. కాబట్టి మొన్న వచ్చిన అబ్బాయి అడిగినదానికి జవాబు చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను. హిందీలో మెల్లగా అడిగాడు. నర్సమ్మ ఇంట్లో ఇక తానూ భార్యా ఉండబోతున్నారట, గోడలకు రంగు వేయించాలట. “ఆ ఇంట్లో రెండు ఖాళీ చదరాలున్నాయి. ఒకటి గుడిది, అది మాకు తెలుసు. తలుపు పక్కన ఇంకోటి ఉంది, దాని మధ్యలో ఎర్ర చుక్క. ఎవరడిగినా ‘అది గుంతకల్లుది’ అనేది. అంతకు మించి చెప్పేది కాదు. దాని మీద రంగు వేయొచ్చా?”

అతని చెయ్యి పట్టుకుని, మేమింకా ఉంటున్న అదే క్వార్టర్సు గుమ్మం పక్కకు తీసుకొచ్చి మా అత్త ఖాళీగా ఉంచిన జాగా చూపించాను. అతను మోచెయ్యి ఆనించి కొలిచాడు. మూరెడే. అప్పుడు గార్డును పూడ్చిన చోటూ, అత్త పెట్టిన బొట్టూ, అట్లకాడా అన్నీ వరసగా చెప్పాను.

సాయంత్రం బండికి బయలుదేరుతూ గుమ్మంలో ఆగాడు. అక్కడి చుక్క వెలిసిపోతోందని చెప్పి, నా చేత కొంచెం పసుపూ కొంచెం సున్నమూ వేరువేరుగా పొట్లాలు కట్టించుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.