దేశం అప్పులో దోన్ ఫెర్మీన్ వాటా

దేశానికున్న అప్పులో తన వాటా ఎంతో తేల్చి చెప్పమని దోన్ ఫెర్మీన్ రోజూ అడిగేవాడు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ఎల్ కార్దో ఊరి పింఛను ఆఫీసుకున్నది ఒకే ఒక్క కిటికీ. పొద్దున్నే నంబరు చీటీ లాక్కుని, టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఆ కిటికీ ముందు నిలబడేవాడు. కిటికీ వెనక ఉండేది ఇర్మా.

"నా వాటా ఎంత తేలిందమ్మా?"

"ఇది పింఛను ఆఫీసు, దోన్ ఫెర్మీన్. దేశం అప్పు ఇక్కడ కట్టించుకోం."

"మరెక్కడ కట్టించుకుంటారు?"

"బ్యూనస్ ఐరిస్‌లో."

"అక్కడ కట్టించుకుంటుంటే ఇంత అప్పెందుకుంటుంది?"

వెళ్లిపోయాడులే అనుకునేలోపు ఇంకో చీటీతో ప్రత్యక్షం. "నిన్న మన ఊళ్లో కవలలు పుట్టారు. మనిషికెంత తగ్గిందంటావు?" మళ్లీ ఇంకో చీటీ. "మా పక్కింటాయన చిలీ వెళ్లిపోయాడు. ఆయన వాటా కొంపదీసి నామీద పడదు కదా?" రోజుకి తక్కువలో తక్కువ ఎనిమిది చీటీలు. ఇర్మా కలుపుకున్న మాతె టీ చల్లారిపోయేది. ఈయన చచ్చినా నంబరు తీసుకునే చస్తాడని ఓసారి పైకే అనేసి, నాలిక కరుచుకుంది.

ఆ ఏడు బడ్జెట్లో లోటు పెద్దదైంది. రోజుకి ముప్పై మందైనా రాని కిటికీలన్నీ మూసేయమని రాజధాని నుంచి ఆజ్ఞ వచ్చింది. మూస్తే ఇర్మా ఉద్యోగం పోతుంది. ఊళ్లో ముసలివాళ్లు పింఛను కోసం తొంభై కిలోమీటర్లు బస్సులో పడి పోవాలి. తనిఖీకొచ్చిన అధికారి చీటీలు లెక్కపెట్టాడు. రోజుకి ముప్పై ఒకటి.

"జనం బాగానే వస్తున్నారే!" అని ఆయన ఆశ్చర్యపోతుండగానే దోన్ ఫెర్మీన్ వచ్చి ఆ అధికారి చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యా, తమరు రాజధాని వారా? అయితే నా వాటా..." కిటికీ ఉండొచ్చని అధికారి కారు బానెట్ మీదే సంతకం గీకేసి పరారయ్యాడు.

ఇర్మా మళ్లీ లెక్క చూసుకుంది. ముప్పై ఒకటిలో ఎనిమిది ఆయనవే. ఆయన రాకపోతే ఇరవై మూడే.

"ఈ ఆజ్ఞ వస్తుందని మీకు ముందే తెలుసా?" అని మర్నాడు అడిగింది.

"తెలీదు తల్లీ. కానీ నేను స్టేషన్ మాస్టరుగా చేసినవాణ్ణి. అప్పుడూ లోటే అన్నారు. మన రైలు రోజూ రెండొందల మంది ఎక్కేవారు. కోతకూలీలు, బడిపిల్లలు, మొగుడు పోయిన ఆడవాళ్లు. వాళ్ల దగ్గర డబ్బులెక్కడివి? టికెట్ లేకుండానే ఎక్కించేవాణ్ణి. మంచిపని చేస్తున్నాననుకున్నా. రాజధానిలో వాళ్లు టికెట్లు లెక్కేశారు. పదకొండు. పదకొండు మందికి రైలెందుకన్నారు." ఆయన టోపీ అంచు నలిపాడు. "ఆ రైల్ని నేనే చంపానమ్మా. అప్పట్నించి ఎక్కడికెళ్లినా చీటీ తీసుకోకుండా నిలబడను."

రైలు పోయాక రొట్టెల కొట్టు పోయింది, బడి పోయింది, ఇర్మా అన్నలిద్దరూ ఊరు వదిలిపోయారు. ఇన్నేళ్లూ ఆ పాపం ఈ ముసలాయన ఒక్కడే మోశాడా అనుకుంది ఇర్మా.

"మోకాళ్ల నొప్పులతో మీకెందుకీ నిలబడటం? రోజూ ఆ ఎనిమిది చీటీలూ నేనే చింపి లెక్కలో వేసేస్తాలెండి."

ఆయన భగ్గుమన్నాడు. "అది దొంగలెక్క! నేను నిజంగా నిలబడుతున్నా. నిజంగా అడుగుతున్నా!"

చలికాలం వచ్చేసరికి మోకాళ్లు సహకరించక ఆయన రోజుకి ఐదు చీటీలే తీసుకోగలిగాడు. రోజు లెక్క ముప్పై కిందకి జారడం మొదలైంది. ఓరోజు భోజనాల వేళ ఇర్మా బయటికొచ్చి, తనూ ఓ చీటీ లాక్కుని ఆయన వెనకాల నిలబడింది.

"నువ్విక్కడుంటే కిటికీలో ఎవరుంటారే?"

"ఎవరూ ఉండరు. మా నాన్న పాత పింఛను కాగితం ఒకటి తేలాలి. మూడేళ్ల నుంచి అడుగుదామంటే తీరికే దొరకలేదు."

"నిజమైన పనేనా?"

"ఒట్టు."

దోన్ ఫెర్మీన్ మోకాలు పట్టుకుని పక్కకి జరిగి, ఆడవాళ్లు ముందని చోటిచ్చాడు. ఖాళీ కిటికీ ముందు ఇద్దరూ బుద్ధిగా నిలబడ్డారు.